కార్జంలో జలగ, కాలవలో నత్త

"మొన్న ఆదివారం మావారు అరకిలో మేక కార్జం తెచ్చారు. కడిగి ముక్కలు కోస్తుంటే లోపలి గొట్టాల్లోంచి వేపాకుల్లాంటి పురుగులు నాలుగైదు బయటికి వచ్చాయి. మా అత్తగారు చూసి గిన్నెతో సహా పెరట్లో పారబోయించారు. బాధేమిటంటే, అంతకుముందు ఆదివారం కూడా అదే కొట్లో కొన్న కార్జం పిల్లలకు వండి పెట్టాను. మా పెద్దవాడు రెండు రోజులుగా కడుపులో నొప్పి అంటున్నాడు. ఆ పురుగులు వాడి కడుపులో చేరి ఉంటాయా? అత్తగారు 'నీ చేత్తోనే పెట్టావు' అంటున్నారు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఏం మందు వాడాలో చెప్పగలరు."

అమ్మా, ముందు మీరు నిశ్చింతగా నిద్రపోండి. మీరు వండి పెట్టిన కార్జం వల్ల మీ అబ్బాయికి ఆ పురుగులు రావు. వండినా, ఒకవేళ సరిగా ఉడక్కపోయినా, కార్జంలోని ఆ పురుగు మనిషి కడుపులోకి పోతే అరిగిపోతుందే గాని అక్కడ కాపురం పెట్టలేదు. అబ్బాయి కడుపునొప్పికి వేరే కారణం ఉంటుంది. దగ్గరలోని డాక్టరుకు చూపించండి.

ఇంతటితో ఉత్తరానికి జవాబు అయిపోయినట్లే. కాని ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా రెండో మూడో వస్తాయి. "రాదు" అని ఒక్క మాట చెబితే పైకి సరేనన్నా, మనసులో అనుమానం మిగిలిపోతుంది. "కళ్ళారా చూసిన పురుగు కడుపులోకి పోతే ఎందుకు రాదు?" అని అడగడం న్యాయమే. ఆ ప్రశ్నకు జవాబు నేను వైద్య కళాశాల పుస్తకాల్లో చదివాను, పరీక్షల్లో రాశాను, మార్కులు కూడా తెచ్చుకున్నాను. నిజంగా అర్థమైంది మాత్రం నత్తలు పెంచే ఒక గదిలో. పాఠకులను కూడా ఒకసారి ఆ గదికి తీసుకువెళతాను.

జలగ కాని జలగ

మన గొర్రెల కాపరులు ఈ పురుగును 'జలగ' అంటారు. గొర్రె పాలిపోయి, దవడ కింద నీరు దిగితే "జలగలు పడ్డాయి" అని మందు తాగిస్తారు. ఇది చెరువులో కాలికి పట్టుకునే జలగ కాదు. ఆకులా బల్లపరుపుగా ఉండే క్రిమి. కాలేయంలో పైత్యరసం పారే గొట్టాల్లో ఉంటుంది. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన పేరు ఫాసియోలా. చల్లటి దేశాల్లో ఉండే రకం హెపాటికా, రెండు మూడు సెంటీమీటర్ల పొడవు. మన వంటి వేడి దేశాల్లో ఉండేది జైగాంటికా, ఇది ఏడు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. మీరు చూసిన 'వేపాకు' ఇదే.

గొర్రెల కార్జంలో ఈ పురుగు ఉంటుందని మనుషులకు ఏనాడో తెలుసు. 1379లో ఫ్రాన్సు దేశంలో జాఁ ద బ్రీ అనే ఆయన గొర్రెల పెంపకం మీద రాసిన పుస్తకంలోనే ఈ జబ్బు ప్రసక్తి ఉంది. కాని అది గొర్రెకు ఎక్కడినుంచి వస్తుందో అయిదు వందల ఏళ్ళు ఎవరికీ అంతుపట్టలేదు. పల్లపు పొలాల్లో మేసిన గొర్రెలకే వస్తుందని మాత్రం కాపరులు కనిపెట్టారు.

1879, 1880 సంవత్సరాల్లో ఇంగ్లండులో విపరీతంగా వానలు పడ్డాయి. ఈ జబ్బుతో దాదాపు 30 లక్షల గొర్రెలు చచ్చిపోయాయి. అప్పుడు అక్కడి వ్యవసాయ సంఘం సంగతి తేల్చమని ఆక్స్‌ఫర్డులోని ఎ.పి. థామస్ అనే యువకుడికి డబ్బిచ్చింది. ఆయనకు పాతికేళ్ళు కూడా నిండలేదు. క్రిమి గుడ్లను నీటిలో పొదిగించాడు, అందులోంచి ఈదే పిల్లలు వచ్చాయి. అవి ఏ నత్తలో దూరతాయో చూడాలని రకరకాల నత్తలను తెచ్చి పరీక్షించాడు. తాను అనుమానించిన చిన్న నత్త మాత్రం 1881లో ఎంత వెదికినా దొరకలేదు. 1882 జూలైలో ఆక్స్‌ఫర్డు దగ్గర నదికి వరద వచ్చి ఆ నత్తలను కుప్పలుగా తెచ్చి ఒడ్డున పడేసింది. దాంతో ముడి విడిపోయింది. అదే కాలంలో జర్మనీలో ల్యూకార్ట్ అనే ఆచార్యుడు కూడా స్వతంత్రంగా ఇదే విషయాన్ని కనిపెట్టాడు. నత్తలోంచి బయటపడ్డ పిల్లలు గడ్డికి అంటుకుని గొర్రె నోట్లోకి పోతాయన్న చివరి మెట్టును 1890ల మొదట్లో హవాయి దీవుల్లో పనిచేసిన బ్రెజిల్ డాక్టరు లుట్జ్ రుజువు చేశాడు.

అంటే గొర్రెకు గొర్రె నుంచి ఈ జబ్బు రాదు. గొర్రె నుంచి మనిషికీ రాదు. మధ్యలో నత్త ఉండి తీరాలి. మీ వంటింటి గిన్నెలో నత్త లేదు గదా!

నత్తల గదిలో

ఇరవై ఏళ్ళ కిందట పరాన్నజీవుల మీద శిక్షణకని ప్రభుత్వం నన్ను కొద్దిరోజులు ఒక పశువైద్య కళాశాలకు పంపింది. అక్కడ ఈ క్రిమిని పరిశోధనల కోసం ఏడాది పొడవునా పెంచేవారు. గది చిన్నది. గోడవెంట బల్లల మీద వరుసగా గాజు తొట్లు. వాటిలో చిటికెన వేలి గోరంత గోధుమరంగు నత్తలు. లిమ్నియా జాతివి. మన చెరువుల్లో, కాలవ ఒడ్డుల్లో నాచు మేస్తూ కనిపించేవే.

ఆ గది చూసుకునే పెద్దాయన ఉద్యోగంలో తలపండినవాడు. నేను మొదటిరోజే "చెరువులో నత్తలు బోలెడు ఉండగా ఇక్కడ పెంచడం ఎందుకండీ?" అని అడిగాను. ఆయన నవ్వి, "చెరువు నత్త కడుపులో ఏముందో మీకు తెలుసా డాక్టరు గారూ? అందులో అప్పటికే ఇంకో రకం క్రిమి ఉండవచ్చు. అప్పుడు మనం వేసింది ఏదో, అది మోసుకొచ్చింది ఏదో తేలదు. ఇక్కడి నత్త ఇక్కడే గుడ్డులోంచి పుట్టాలి" అన్నారు.

ఆయన పని ఇలా సాగేది.

మొదట కబేళా నుంచి గేదెల పిత్తాశయాలు తెప్పించేవారు. ఒక్కో క్రిమి రోజుకు వేలకు వేలు, ఇరవై వేల దాకా గుడ్లు పెడుతుంది. అవన్నీ పైత్యరసంతో పాటు వస్తాయి. సన్నటి జల్లెళ్ళలో పోసి, నీళ్ళు తేటపడేదాకా కడగాలి. మురికి మిగిలితే గుడ్లు కుళ్ళుతాయి. కడిగిన గుడ్లను శుభ్రమైన నీటిలో వేసి, వెలుతురు సోకకుండా, 27 డిగ్రీల వేడిలో ఉంచాలి. సుమారు రెండు వారాలకు లోపల పిల్ల తయారవుతుంది. నీరు ఆరిపోతే గుడ్లు చచ్చిపోతాయి. చల్లబడితే ఎదుగుదల ఆగిపోతుంది. పది డిగ్రీలకన్న తగ్గితే ఇక కదలిక లేదు. ఫ్రిజ్‌లో పెడితే నెలల తరబడి నిద్రపోతూ ఉంటాయి.

పిల్ల తయారయ్యాక గుడ్లను దీపం వెలుగులో పెట్టాలి. గుడ్డుకు ఒకవైపు చిన్న మూత ఉంటుంది. వెలుగు సోకగానే అది తెరుచుకుని, వంటినిండా నూగుతో పిల్ల బయటికి దూకుతుంది. మైక్రోస్కోపులో అది ఈదే వేగం చూసి నేను ఆశ్చర్యపోయాను. దానికి నోరు పనిచేయదు, తిండి తినదు. దాని ఆయువు మహా అయితే ఒక్క రోజు. ఆలోగా తనకు సరిపడే నత్త దొరకాలి. దొరక్కపోతే అక్కడితో సరి.

పెద్దాయన ఒక్కో నత్తను ఒక్కో చిన్న గిన్నెలో వేసి, రెండు మూడు పిల్లలను లెక్కపెట్టి వదిలేవారు. "ఇంకో పది వేస్తే తప్పకుండా అంటుకుంటుంది గదా" అన్నాను. "నత్త చచ్చిపోతుంది, దాంతో అవీ పోతాయి" అన్నారు.

ఇక నత్త లోపల జరిగేది పెద్ద భాగోతం. లోపలికి దూరిన పిల్ల ఒక సంచిగా మారుతుంది. సంచిలో మరో తరం పుడుతుంది. ఆ తరం కడుపులో ఇంకో తరం. చివరికి తోకకప్పల్లాంటి పిల్లలు తయారవుతాయి. ఇదంతా ఆరేడు వారాలు. ఒక్క పిల్ల దూరితే వందలు బయటికి వస్తాయి. ఈలోగా నత్త గుడ్లు పెట్టడం మానేస్తుంది. తన తిండి, తన బలం అంతా అద్దెకున్నవాడికే ధారపోస్తుంది. అందుకే జబ్బు అంటించిన నత్తల తొట్లు వేరు, సంతానానికి ఉంచిన నత్తల తొట్లు వేరు. రెండోవి లేకపోతే నాలుగు నెలల్లో గది ఖాళీ.

రాగి బిందె నీళ్ళు

ఆ నత్తలకు చేసే సేవ చూస్తే నెలల బిడ్డకు చేసినట్లుండేది. కుళాయి నీరు పట్టి, అందులో క్లోరిన్ పోయేదాకా ఒక రోజు తొట్టిలో నిలవ ఉంచి, అప్పుడు పోసేవారు. ఎండబెట్టిన లెట్యూస్ ఆకు కొలతగా వేసేవారు. మిగిలిన ఆకు కుళ్ళకముందే తీసేసేవారు. గుల్ల గట్టిపడడానికి సుద్దముక్క వేసేవారు.

నేనున్న రోజుల్లోనే ఒక ఉపద్రవం జరిగింది. కొత్తగా వచ్చిన కుర్రవాడు, నిలవ నీరు అయిపోతే, సిబ్బంది తాగడానికి పెట్టుకున్న రాగి బిందెలో నీళ్ళు ఒక వరుస తొట్లలో పోశాడు. పాపం, మంచి నీళ్ళే గదా అనుకున్నాడు. రెండు మూడు రోజుల్లో ఆ వరుసలో నత్తలన్నీ గుల్లల్లోకి ముడుచుకుని అడుగున పడిపోయాయి. ఆరు వారాల పని నీళ్ళపాలైంది.

మనిషికి ఏ హానీ చేయని ఆ కొద్దిపాటి రాగి, నత్తకు విషం. చెరువుల్లో నత్తలను చంపడానికి పూర్వం మైలుతుత్తం చల్లేవారు, అందులో ఉన్నదీ రాగే. అయితే అది చేపలకూ ప్రమాదమే గనుక ఎవరికి వారు చెరువుల్లో పోయకండి.

కుర్రవాణ్ణి ఎవరూ కొట్టలేదు గాని, పెద్దాయన ఆ పూట భోజనం చేయలేదు. మర్నాడు మళ్ళీ మొదటినుంచి గుడ్లు కడగడం మొదలుపెట్టారు.

చేతి తొడుగులు ఎప్పుడు తొడిగారు?

ఆరేడు వారాలు గడిచిన నత్తలను తీసి కొత్త చల్లటి నీటిలో వేసి దీపం కింద పెడతారు. చల్లదనం తగలగానే నత్తలోంచి తోకపిల్లలు పొగమంచులా బయటికి వస్తాయి. ఆ గిన్నెల్లో ముందే పాలిథిన్ కాగితం ముక్కలు వేసి ఉంచుతారు. తోకపిల్ల ఏదో ఒక నున్నటి చోటు చూసుకుని అంటుకుంటుంది. తోక వదిలేస్తుంది. చుట్టూ గట్టి కవచం కట్టుకుని చుక్కలా కూర్చుంటుంది. చెరువులో అయితే ఆ చోటు గడ్డిపరక, తామరకాడ, తూటికూర ఆకు. ఇక్కడ పాలిథిన్ కాగితం. అంతే తేడా. ఆ చుక్క ఇసుక రేణువంత ఉంటుంది. తడిగా, చల్లగా ఉంటే నెలల తరబడి బతుకుతుంది.

నేను మరిచిపోలేని దృశ్యం ఇక్కడిదే. అంతకుముందు గేదె కార్జంలోంచి ఏడు సెంటీమీటర్ల పురుగులను పెద్దాయన ఒట్టి చేత్తో తీసి పళ్ళెంలో పెట్టడం చూశాను. అది మంచి అలవాటని నేను చెప్పను, కాని ఆయనకు ఆ పురుగులంటే భయం లేదు. అదే మనిషి పాలిథిన్ ముక్కలు తీసేముందు చేతులకు తొడుగులు తొడిగారు. మూతికి గుడ్డ కట్టారు. నా చేతిలోని టీ గ్లాసు బయట పెట్టి రమ్మన్నారు.

"పెద్ద పురుగుకు లేని భయం ఈ చుక్కకా?" అన్నాను.

"పురుగును మింగినా ఏం కాదండీ. గుడ్లు మింగినా ఏం కాదు. నోట్లో పడకూడనిది ఈ చుక్క ఒక్కటే" అన్నారు ఆయన.

అమ్మా, మీ ఉత్తరానికి అసలు జవాబు ఆ పెద్దాయన మాటలోనే ఉంది. ప్రయోగశాలలో ఏ గొర్రెకైనా ఈ జబ్బు తెప్పించాలంటే ఈ చుక్కలనే తాగిస్తారు. పెద్ద పురుగును తినిపిస్తే జబ్బు రాదు. గుడ్లు తినిపిస్తే రాదు. మీరు చూసి దడుచుకున్నది నిరపాయమైన దశ. అపాయకరమైన దశ కంటికి ఆనదు, అది ఉండేది కార్జంలో కాదు, పచ్చి ఆకు మీద.

ఇంత శ్రమ ఎందుకు?

ఈ క్రిమిని పనిగట్టుకుని పెంచడం ఎందుకని మీరడగవచ్చు. మందు పనిచేస్తోందో లేదో తేల్చడానికి, క్రిమి ఏ రోజున ఒంట్లోకి పోయిందో తెలియాలి. ఎన్ని పోయాయో తెలియాలి. పొలంలో మేసిన గొర్రెతో ఆ లెక్క కుదరదు. రక్త పరీక్షలు తయారుచేయడానికి, టీకా కోసం జరుగుతున్న ప్రయత్నాలకూ ఈ పెంపకమే ఆధారం. గొర్రెలకు గాని మనుషులకు గాని ఈ జబ్బుకు బజారులో దొరికే టీకా ఇంతవరకు లేదు.

మరో ముఖ్యమైన కారణం ఉంది. ఈ జబ్బుకు ఉన్న మేటి మందు ట్రైక్లాబెండజోల్. పశువులకు 1983లో వచ్చింది. పిల్ల దశనూ పెద్ద దశనూ రెంటినీ చంపే మందు ఇది. దాన్ని ఎడాపెడా వాడడంతో 1995లో ఆస్ట్రేలియాలో మందుకు లొంగని క్రిములు బయటపడ్డాయి. తరువాత ఐరోపాలోనూ, దక్షిణ అమెరికాలోనూ కనిపించాయి. 2012లో నెదర్లాండ్సులో ఒక గొర్రెల రైతుకు ఈ మందు ఇచ్చినా గుణం కనిపించలేదని అక్కడి వైద్యులు ప్రకటించారు. ఇంగ్లండులోని కలంప్టన్ పేరుతో మందుకు లొంగే వంశాన్ని, ఐర్లండులోని స్లైగో పేరుతో లొంగని వంశాన్ని పరిశోధకులు నత్తల ద్వారా తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చారు. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే మందు ఎక్కడ తప్పుతోందో తెలుస్తుంది.

నేను చేసిన పొరపాటు

ఈ విషయంలో నేనే ఒకసారి తొందరపడ్డాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నలభై ఏళ్ళ గుమాస్తా ఒకాయన కుడి డొక్కలో నొప్పి అంటూ వచ్చాడు. మలపరీక్షలో ఈ క్రిమి గుడ్లు కనిపించాయని రిపోర్టు వచ్చింది. అరుదైన జబ్బు దొరికిందని నాకు లోలోపల సంతోషం. "మీ కాలేయంలో పురుగులున్నాయి" అని ఆయనతో చెప్పేశాను. ఆయన ఇంటికి పోయి చెబితే భార్య ఏడ్చింది. పిల్లల కంచాలు, గ్లాసులు వేరు చేశారట. మందు ఎక్కడ దొరుకుతుందా అని నేను ఊళ్ళు వెదుకుతున్నాను.

మా ప్రొఫెసరు గారికి రిపోర్టు చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి, "ఏమయ్యా, ముందురోజు అతనేం తిన్నాడో అడిగావా?" అన్నారు. నేను తెల్లమొహం వేశాను. పిలిచి అడిగితే, పరీక్షకు ముందురోజు రాత్రి అత్తవారింట్లో కార్జం వేపుడు తిన్నాడు!

జబ్బు ఉన్న కార్జం తింటే అందులోని క్రిమి గుడ్లు మన పేగుల్లోంచి అలాగే బయటికి పోతాయి. అవి పరీక్షలో కనిపిస్తాయి. రోగికి మాత్రం జబ్బు ఉండదు. వారం రోజులు కార్జం మాన్పించి మళ్ళీ పరీక్ష చేయిస్తే గుడ్లు లేవు. ఆయన నొప్పికి కారణం పిత్తాశయంలో రాళ్ళని తరువాత తేలింది. ఆపరేషను చేయించుకుని హాయిగా ఉన్నాడు. ఇంటికి పోయి ఆయన భార్యకు నేనే స్వయంగా క్షమాపణ చెప్పి, కంచాలు కలిపించి వచ్చాను. అప్పటినుంచి ఏ రిపోర్టు చూసినా, ముందు రోగి ఏం తిన్నాడో అడగడం అలవాటైంది.

నిజంగా వస్తే ఎలా ఉంటుంది?

మనుషులకు ఈ జబ్బు రాదని కాదు. ప్రపంచంలో 70కి పైగా దేశాల్లో కనీసం 24 లక్షల మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బొలీవియా, పెరూ దేశాల ఎత్తయిన పీఠభూముల్లో పిల్లలకు ఎక్కువ. ఈజిప్టు, ఇరాన్, వియత్నాంలలో ఉంది. 1989 ప్రాంతంలో ఇరాన్‌లోని గీలాన్‌లో వేలమందికి ఒక్కసారిగా వచ్చింది. అక్కడివారికి తడినేలల్లో పెరిగే ఆకులను పచ్చిగా ఉప్పుతో నూరి తినే అలవాటుంది. మన దేశంలో పశువులకు ఎక్కువే గాని మనుషులకు అరుదు. మనవాళ్ళు కూరను ఉడికించి తినడమే దీనికి పెద్ద రక్ష అని నా నమ్మకం.

చుక్క కడుపులోకి పోయాక కవచం విప్పుకుని, పేగు గోడను తొలుచుకుని, కాలేయం లోపలికి దారి చేసుకుంటుంది. ఆ రెండు మూడు నెలలు జ్వరం, కుడి పక్కటెముకల కింద నొప్పి, ఒంటిమీద దద్దుర్లు, బరువు తగ్గడం ఉంటాయి. రక్తంలో ఇస్నోఫిల్ కణాలు బాగా పెరుగుతాయి. అప్పటికి క్రిమి ఇంకా గుడ్లు పెట్టదు, కనుక మలపరీక్షలో ఏమీ కనిపించదు. రక్తంలో చేసే ప్రత్యేక పరీక్ష ఈ దశలో ఉపయోగపడుతుంది. తరువాత క్రిమి పైత్యపు గొట్టాల్లో స్థిరపడితే, పిత్తాశయపు రాళ్ళ నొప్పిలాంటి నొప్పి, కామెర్లు, రక్తహీనత రావచ్చు. చికిత్స లేకపోతే పదేళ్ళ దాకా ఉండిపోగలదు.

ఇస్నోఫీలియా అనగానే ఇదేనని కంగారు పడకండి. మన ప్రాంతంలో దానికి వేరే కారణాలే ఎక్కువ.

మందు ట్రైక్లాబెండజోల్ మాత్రలే. వైద్యుని పర్యవేక్షణలో, భోజనంతో పాటు, ఒకటి రెండు మోతాదులతో సరిపోతుంది. అమెరికాలో మనుషులకు దీన్ని 2019లో అధికారికంగా అనుమతించారు. బడిలో పిల్లలకిచ్చే నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ దీనికి నమ్మదగింది కాదు. ఇతర రకాల బల్లపరుపు క్రిములకు వాడే ప్రాజిక్వాంటెల్ కూడా ఈ క్రిమి మీద పనిచేయదు. గొర్రెలకు తాగించే మందు మనుషులు తాగకూడదు. అలా తాగి ఆసుపత్రికి వచ్చినవారిని నేను చూశాను.

ఇంకో మాట. కాలేయపు క్రిముల్లో మరో జాతి చేపల ద్వారా వస్తుంది. ఈశాన్య థాయ్‌లాండు, లావోస్, చైనా, కొరియా ప్రాంతాల్లో మంచినీటి చేపలను పచ్చిగా తినేవారికి అది సోకుతుంది. చాలాకాలం ఉంటే పైత్యనాళాల్లో పుట్టకురుపుకు దారి తీస్తుందని రుజువైంది. ఆ దేశాలకు చదువులకూ ఉద్యోగాలకూ వెళ్ళే మన పిల్లలు మంచినీటి చేపను ఉడికించకుండా తినకపోతే చాలు.

ఇంట్లో మీరు చేయవలసింది

నత్తల గదిలో నేను నేర్చుకున్నది ఒకటే. ఈ క్రిమిని బతికించడానికి ఒక పెద్దాయన రోజంతా నీరు, వేడి, వెలుగు, నత్త అన్నీ సమకూర్చిపెట్టాలి. ఒక్కటి తప్పితే గొలుసు తెగిపోతుంది. మన ఇంట్లో మనం తెంచవలసింది అందులో ఒక్క లంకె.

నీటిలో, నీటి ఒడ్డున పెరిగే ఏ ఆకైనా, కాడైనా, దుంపైనా పచ్చిగా తినకండి. తూటికూర, పొన్నగంటికూర, తామరతూళ్ళు, కలువదుంపలు మంచి ఆహారాలే. బాగా ఉడికించి తినండి. ఉప్పులో, నిమ్మరసంలో నానబెడితే చుక్క చస్తుందని నమ్మకండి. వేడిని నమ్మండి.

కాలవగట్టు మీద కూర్చుని గడ్డిపరక నమిలే అలవాటు మనలో చాలామందికి ఉంది. చిన్నప్పుడు నాకూ ఉండేది. పిల్లలతో మాన్పించండి. చెరువులో ఈతకు వెళ్ళి తామరకాడలు కొరకడం కూడా అంతే.

మందలు దిగే చెరువుల నీరు, కాలవ నీరు కాచి తాగండి. పచ్చిగా తినే కూరగాయలను ఆ నీటితో కడగకండి.

కొన్న కార్జంలో పురుగులు కనిపిస్తే దాన్ని తినకండి. తింటే ఈ జబ్బు వస్తుందని కాదు. ఆ కార్జం పాడైపోయింది, గొట్టాలు మందమై గట్టిపడి ఉంటాయి. కుక్కలకు వేయకుండా గోతిలో పూడ్చండి. కార్జంలో నీటిబుడగలు కూడా ఉంటే అవి వేరే జబ్బువి, అది కుక్కల ద్వారా మనుషులకు వస్తుంది.

పశువులున్న ఇళ్ళవారు పచ్చిపేడ తిన్నగా చెరువులోకి పోకుండా చూసుకోండి. పల్లపు తడి నేలల్లో మేపడం తగ్గించండి. గడ్డి బాగా ఎండనిచ్చి వేయండి, ఎండకు ఆ చుక్కలు నిలవలేవు. జలగమందు పశువుల డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన కాలంలోనే తాగించండి. తక్కువ మోతాదుతో పదేపదే తాగిస్తే, మందుకు లొంగని క్రిమిని మనం కూడా నత్తల గది పెట్టి పెంచినట్లే అవుతుంది.

చివరగా, ఉత్తరం రాసిన అమ్మకు. మీ అబ్బాయిని డాక్టరుకు చూపించేటప్పుడు, పోయిన వారం కార్జం తిన్నాడని తప్పకుండా చెప్పండి. నా గుమాస్తాకు జరిగినట్లు మీ వాడికి జరగకూడదు. మీ అత్తగారికి ఈ వ్యాసం చదివి వినిపించండి. పాడైన కార్జం పారబోయించి ఆమె మంచి పనే చేశారు, ఆ మాట కూడా చెప్పండి. మీరు మీ చేత్తో పెట్టింది మాత్రం పిల్లలకు బలమైన ఆహారం. అందులో ఇనుము ఉంది, విటమిన్లు ఉన్నాయి. వచ్చే ఆదివారం మంచి కార్జం చూసి తెప్పించుకుని, బాగా ఉడికించి, అందరూ కూర్చుని తినండి.